తలుపు దగ్గర ఆగిన మాట: ‘యంగ్ షెల్డన్’లో అమ్మ నమ్మకం, పిల్లల గిల్ట్

ఒక మామూలు పొద్దున. తండ్రి పనికి బయల్దేరుతూ తలుపు దగ్గర ఆగి, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ కలిపి ఒక మాట చెప్తాడు. ఆయన మాట్లాడేది టెక్సస్ ఇంగ్లిష్. మన ఇళ్లలో అయితే దాన్ని ‘సరే, వెళ్లొస్తా’ అంటాం. పద్నాలుగేళ్ల కొడుకు తన లోకంలో తానున్నాడు. బదులు చెప్పడు. తండ్రి వెళ్లిపోతాడు. సాయంత్రం ఫ్యామిలీ ఫోటో దిగాలని అందరూ మంచి బట్టలు వేసుకుని ఆయన కోసం ఎదురు చూస్తుంటే, ఆయనతో కలిసి పనిచేసే ఇద్దరు వచ్చి తలుపు తడతారు. గుండెపోటు. ఇక రాడు.

‘యంగ్ షెల్డన్’ అనే అమెరికన్ టీవీ కామెడీ 2024 మే 16న రెండు ఎపిసోడ్లతో ముగిసింది. ముగింపు దగ్గర వచ్చిన ఈ ఘట్టం తర్వాత ప్రేక్షకుల్లో రెండు ప్రశ్నలు మిగిలాయి. దేవుణ్ని నమ్మనని ఏడు సీజన్లు చెప్పిన పిల్లాడు చివర్లో బాప్తిస్మం ఎందుకు తీసుకున్నాడు? పెద్దయిన షెల్డన్ చెడ్డవాడిగా గుర్తుపెట్టుకున్న తండ్రి, ఇక్కడ ఇంత మంచి మనిషిగా ఎలా కనిపిస్తున్నాడు? ఈ రెండూ వేరువేరు చిక్కుముళ్లు అనిపిస్తాయి కానీ, నాకు తెలిసినంతలో రెంటికీ కొస ఒక్కటే: పిల్లలు తమ ఇంటివాళ్ల విషయంలో మోసే గిల్ట్. (ఇంకా చూడనివాళ్లకు ఒక మాట. కింద కథంతా చెప్పేస్తున్నాను.)

ఎవరీ కూపర్లు

2007 నుంచి 2019 దాకా 279 ఎపిసోడ్లు నడిచిన ‘ది బిగ్ బ్యాంగ్ థియరీ’లో షెల్డన్ కూపర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉంటాడు. అతని చిన్నతనమే ‘యంగ్ షెల్డన్’. 2017లో మొదలై 141 ఎపిసోడ్లు వచ్చింది. కథ 1989లో, తూర్పు టెక్సస్‌లోని మెడ్‌ఫోర్డ్ అనే కల్పిత ఊళ్లో మొదలవుతుంది. తొమ్మిదేళ్ల షెల్డన్ అప్పుడే హైస్కూల్లో చేరతాడు. తండ్రి జార్జ్ ఫుట్‌బాల్ కోచ్. తల్లి మేరీ గట్టి బాప్టిస్టు విశ్వాసి. అన్న జార్జీ, కవల చెల్లెలు మిస్సీ, దగ్గర్లోనే ఉండే అమ్మమ్మ కొనీ (Connie). ఆమెను పిల్లలు మీమా అంటారు.

రెండు సీరియళ్ల తీతలో ఒక తేడా ఈ విషయానికి చాలా ముఖ్యం. పాత సీరియల్ స్టూడియోలో ప్రేక్షకుల ముందు తీసింది. ప్రతి మాట వెనకా నవ్వులు వినిపిస్తాయి. ‘యంగ్ షెల్డన్’లో ఆ నవ్వులు లేవు. దానివల్ల ఒక మనిషి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా కెమెరా కాసేపు అక్కడే ఉండగలిగింది. గిల్ట్‌ను చూపించాలంటే ఆ మౌనం కావాలి. రెండోది, కథ చెప్పే గొంతు పెద్ద షెల్డన్‌ది, అంటే నటుడు జిమ్ పార్సన్స్‌ది. మనం చూస్తున్నది ఒక నడివయసు మనిషి జ్ఞాపకం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

‘గిల్ట్’ అని మనం దేన్ని అంటున్నాం

పుస్తకాల్లో అపరాధ భావన అని రాస్తారు గానీ మాట్లాడేటప్పుడు ఎవరూ ఆ మాట వాడరు. ‘గిల్టీగా అనిపిస్తోంది’ అంటాం. పిల్లలైతే ఇంకా సూటిగా ‘నా వల్లే’ అంటారు. ఈ ఒక్క మాటలో మూడు వేరు భావాలు కలిసిపోయి ఉంటాయి.

చేసిన తప్పుకు బాధపడటం మొదటిది. అబద్ధం చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది. దీనికి మందు ఉంది. ఒప్పుకుని క్షమాపణ అడిగితే చాలావరకు దిగిపోతుంది. రెండోది సిగ్గు. ఇది చేసిన పనితో ఆగదు, నేనే చెడ్డదాన్ని, నేనే పనికిరానివాణ్ని అని మనిషి మొత్తాన్నీ కమ్మేస్తుంది. మూడోది అసలు తప్పే లేని చోట పుట్టేది. అమ్మానాన్న గొడవపడ్డారు, నా వల్లే. నాన్నకు ఒంట్లో బాగాలేదు, నేను అల్లరి చేశాను కాబట్టే.

ఈ మూడోది పిల్లల్లో ఎందుకు పుడుతుందో స్విస్ మనస్తత్వవేత్త జాన్ పియాజే 1932లో వచ్చిన తన పరిశోధనలో చూపించాడు. ఆయన పిల్లలకు చిన్న చిన్న కథలు చెప్పి ప్రశ్నలు అడిగేవాడు. ఒక కథలో ఒక పిల్లాణ్ని భోజనానికి పిలుస్తారు. వాడు తలుపు తోసుకుని వస్తాడు. తలుపు వెనక కుర్చీ మీద ట్రే, అందులో పదిహేను కప్పులు ఉన్నాయని వాడికి తెలీదు. అన్నీ పగిలిపోతాయి. ఇంకో కథలో ఒకడు అమ్మ లేనప్పుడు దొంగతనంగా జామ్ తీయబోయి ఒక కప్పు పగలగొడతాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లల్లో చాలామంది పదిహేను కప్పులవాడే అన్నారు. ఉద్దేశం కన్నా నష్టం వాళ్లకు పెద్దగా కనిపించింది.

ఇంకో కథ ఇంకా లోతుగా వెళ్తుంది. ఒక పిల్లాడు యాపిల్స్ దొంగిలించి పారిపోతుంటే కాళ్ల కింద పాత వంతెన విరిగి నీళ్లలో పడతాడు. దొంగతనం చేయకపోతే వంతెన విరిగేదా? విరిగేది కాదన్నారు చిన్న పిల్లలు. లోకంలో జరిగే ప్రతి చెడూ ఎవరో చేసిన తప్పుకు పడిన శిక్షే అని వాళ్ల లెక్క. వయసు పెరిగే కొద్దీ ఈ లెక్క తగ్గుతుంది. కానీ ఒక పెద్ద దెబ్బ తగిలితే పద్నాలుగేళ్లవాడికైనా, నలభై ఏళ్లవాడికైనా ఆ వంతెన మళ్లీ కళ్లముందుకు వస్తుంది.

మేరీ నమ్మకం ఎలాంటిది

క్రైస్తవంలో బాప్టిస్టులు ఒక శాఖ. ఈ కథకు కావలసినంత వరకు వాళ్ల గురించి రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. మనిషి తనంతట తాను విశ్వసించాకే, పూర్తిగా నీళ్లలో ముంచి ఇస్తారు. అంత భక్తి గల తల్లి ఉండి కూడా షెల్డన్ పద్నాలుగేళ్లదాకా బాప్తిస్మం లేకుండా ఎలా ఉన్నాడన్న ప్రశ్నకు ఇక్కడే జవాబుంది. రెండు, కేథలిక్కుల్లోలా ఫాదర్ దగ్గర కూర్చుని పాపాలు చెప్పుకునే పద్ధతి వీళ్లలో లేదు. ఎవరికి వాళ్లు నేరుగా దేవుడితోనే చెప్పుకోవాలి. ఈ రెండో సంగతి మేరీని అర్థం చేసుకోవడానికి చాలా ఉపయోగపడుతుంది. ఆమె ఎప్పుడు చూసినా తనలో తాను ప్రార్థించుకుంటూనే ఉంటుంది. మోసేదీ తనే, చెప్పుకునేదీ తనే.

మొదటి ఎపిసోడ్‌లోనే ఒక భోజనాల బల్ల సీన్ ఉంది. తినేముందు అందరూ పక్కవాళ్ల చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారు. షెల్డన్‌కు క్రిముల భయం. అందుకని చేతులకు మిట్టెన్స్ తొడుక్కుని మరీ పట్టుకుంటాడు. నవ్వొచ్చే సీన్ అది. కానీ జాగ్రత్తగా చూస్తే ఎవరూ వాణ్ని బల్ల దగ్గర్నుంచి లేపేయరు. ప్రార్థన మీద నమ్మకం లేదు, చేతులు ముట్టుకోవడం ఇష్టం లేదు, అయినా ఆ వరుసలో వాడి చోటు వాడిదే. దేవుణ్ని నమ్మకుండా చర్చికి ఎందుకొస్తావు అంటే వాడి జవాబు సారాంశం ఒకటే: అమ్మను నమ్ముతాను కాబట్టి.

వాదన మాత్రం వదలడు. దేవుడు ఉండొచ్చు, ఉండకపోవచ్చు కాబట్టి అవకాశం సగం సగం అన్నట్టు పాస్టర్ జెఫ్ మాట్లాడితే, ఇంటికెళ్లేసరికి నా మంచం మీద పది లక్షల డాలర్లు ఉండొచ్చు, ఉండకపోవచ్చు, అంతమాత్రాన అది సగం సగం అవుతుందా అని అడుగుతాడు. మొదటి సీజన్‌లోనే ఇంకోసారి, స్నేహితుడితో కలిసి ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటే మేరీ కంగారు పడి సండే స్కూలుకు పంపుతుంది. ఆ కంగారు ఆమె ఒక్కదానిదే కాదు. 1980ల్లో అమెరికాలో ఆ ఆట పిల్లల్ని సైతాను వైపు లాగుతుందని చాలామంది నిజంగానే భయపడ్డారు. షెల్డన్ సండే స్కూలుకు వెళ్లి, మతాలన్నీ చదివి, చివరికి లెక్కల మీద సొంత మతం ఒకటి కట్టుకుంటాడు.

మేరీని చూపిన తీరు మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అమెరికన్ కామెడీల్లో భక్తురాలైన తల్లి అంటే వెటకారానికి పనికొచ్చే పాత్ర, ఇక్కడ మాత్రం ఆమెకు తెలివీ ఉంది, సందేహాలూ ఉన్నాయి అని విశ్వాసులు మెచ్చుకోవచ్చు. పిల్లల మీద నరకభయం రుద్దే తల్లిని సీరియల్ చాలా తేలిగ్గా క్షమించేసింది అని అటువైపు వాళ్లు అనవచ్చు. రెండో మాటలో నిజం ఉంది. అయినా రెండో సీజన్ చూశాక నేను మొదటి వైపే ఎక్కువ మొగ్గుతాను.

అమ్మకే సందేహం వస్తే

రెండో సీజన్ మూడో ఎపిసోడ్‌లో, తెలిసినవాళ్ల అమ్మాయి ఒకతి కారు ప్రమాదంలో చనిపోతుంది. ఆ తల్లికి ధైర్యం చెప్పడానికి మేరీ దగ్గర మాటలు ఉండాలి. బైబిలు వాక్యాలన్నీ నోటికొచ్చు. కానీ ఏదీ పలకదు. ప్రార్థన సాగదు. దేవుడి ప్రణాళిక అని ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన మాట తనకే గొంతులో అడ్డుపడుతుంది.

అప్పుడు ఆమెను ఓదార్చేది పాస్టర్ కాదు, నాస్తికుడైన కొడుకు. వాడు బైబిలు ఎత్తడు, భౌతిక శాస్త్రం చెప్తాడు. గురుత్వాకర్షణ ఇప్పుడున్నదాని కన్నా కొంచెం ఎక్కువైతే విశ్వం కుదించుకుని ముద్దైపోయేది. కొంచెం తక్కువైతే చెదిరిపోయి నక్షత్రాలూ గ్రహాలూ పుట్టేవే కావు. ఇంత కచ్చితంగా కుదిరిన విశ్వానికి ఒక సృష్టికర్త ఉన్నాడనుకోవడం కనీసం తర్కానికి నిలుస్తుంది, అంటాడు. తత్వశాస్త్రంలో దీన్ని ‘ఫైన్ ట్యూనింగ్’ వాదన అంటారు. విశ్వం అలా ఉండబట్టే మనం ఇక్కడుండి ఆశ్చర్యపోతున్నాం, అందులో ప్రత్యేకత ఏముంది అన్నది దీనికి ఎదురువాదన. షెల్డన్‌కు ఆ ఎదురువాదన తెలియకుండా ఉండదు. ఆ రోజు మాత్రం ఎత్తడు.

మేరీ అంటుంది, సమస్య తలలో లేదు, గుండెలో ఉంది అని. వాడు కాస్త ఆలోచించి ఇంకో లెక్క చెప్తాడు. ఈ భూమ్మీద అయిదు వందల కోట్ల మంది ఉన్నారు, అందులో నాకు సరిగ్గా సరిపోయే అమ్మవు నువ్వే, అలా జరగడానికి అవకాశం ఎంత?

అవకాశాల లెక్కతో పాస్టర్ నోరు మూయించిన పిల్లాడు, అదే లెక్కతో తల్లిని మళ్లీ నిలబెట్టాడు. తను నమ్మనిదాన్ని ఆమె నమ్మేలా సాయపడ్డాడు. చివర్లో బాప్తిస్మం సీన్ అర్థం కావాలంటే ముందు ఈ సీన్ చూడాలి.

చర్చి తలుపులు మూసుకున్నప్పుడు

మేరీ తప్పు చేసినవాళ్లను పక్కనపెట్టేసే రకం అని ఎవరైనా అనుకుంటే, అయిదో సీజన్ ఆమెనే పక్కన పెడుతుంది. పదిహేడేళ్ల జార్జీ తన వయసు ఎక్కువ చెప్పి, తనకన్నా చాలా పెద్దదైన మాండీతో సంబంధం పెట్టుకుంటాడు. ఆమె గర్భవతి అవుతుంది. ఊరంతా తెలుస్తుంది. మేరీ పనిచేసే చర్చే ఆమెను దూరం పెడుతుంది. కొడుకు తప్పుకు తల్లికి శిక్ష. పియాజే వంతెన కథ ఇక్కడ పెద్దవాళ్లే నడిపిస్తున్నారు: మీ ఇంట్లో చెడు జరిగిందంటే మీరేదో తప్పు చేసి ఉంటారు.

దేవుడి మీద నమ్మకం వేరు, చర్చి అనే సంస్థ వేరు, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం వేరు. అప్పటిదాకా మేరీలో ఈ మూడూ ఒకటే. ఇక్కడ విడిపోతాయి. ఈ దశలో మేరీ చాలామంది మీద చిరాకుపడుతుంది, భర్త మీద మరీను.

తప్పు చేసింది మాత్రం జార్జీ. వాడి గిల్ట్ నేను చెప్పినవాటిలో మొదటి రకం. అబద్ధం చెప్పాడు, ఒప్పుకున్నాడు, తర్వాత సంపాదిస్తూ బిడ్డ బాధ్యత తీసుకున్నాడు. అందరిలోకీ చదువు రానివాడు తన భారాన్ని అందరికన్నా శుభ్రంగా దించుకున్నాడు.

మిస్సీ సంగతి వేరు. ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో ఒకడికి ఇంటి శ్రద్ధంతా వెళ్లింది. ఆరో సీజన్‌లో ఇల్లంతా ఎవరి గొడవల్లో వాళ్లుంటే తండ్రి ట్రక్కు తీసుకుని స్నేహితురాలితో పారిపోతుంది. దాన్ని అల్లరి కింద కొట్టిపారేయొచ్చు. కానీ తప్పు చేస్తేనే తన వైపు చూస్తారని పిల్ల లెక్క కట్టుకున్న ఇల్లు అది. మిస్సీకి సీరియల్ ఇంకా ఎక్కువ సమయం ఇచ్చి ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బదులు చెప్పని ఆ క్షణం

మళ్లీ మొదటి సీన్‌కి వద్దాం. అంత్యక్రియల ఎపిసోడ్‌లో షెల్డన్ ఏడవడు, అరవడు. ఆ పొద్దుటి క్షణాన్ని మనసులో మళ్లీ మళ్లీ నడిపిస్తాడు. నాన్న తలుపు దగ్గర నిలబడి అదే మాట అంటాడు. ప్రతిసారీ తను వేరే జవాబు ఇస్తాడు. ప్రతిసారీ క్షణం అక్కడికొచ్చి ఆగిపోతుంది. చర్చిలో కూడా అంతే. లేచి మాట్లాడినట్టు ఊహించుకుంటాడు, నిజానికి కూర్చున్న చోటే ఉండిపోతాడు.

‘అలా చేసి ఉంటే’ అని జరిగినదాన్ని మార్చి చూసుకోవడం పెద్ద దుఃఖంలో చాలామంది చేసేదే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నేను బదులిచ్చి ఉంటే నాన్న బతికేవాడు అని షెల్డన్ అనుకోడు. గుండెపోటుకు కారణం వాడికి బాగా తెలుసు. మొదటి సీజన్‌లోనే తండ్రి గుండె జబ్బుతో ఆసుపత్రికి వెళ్లడం వాడు చూశాడు. కాబట్టి ఇది చిన్న పిల్లల వంతెన లెక్క కాదు. తప్పు చేసినవాడి బాధా కాదు, తల్లిదండ్రులు పలకరిస్తే పలకని పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఇవ్వాల్సిన మాట ఒకటి ఉండిపోయింది, తీసుకోవాల్సిన మనిషి లేడు. క్షమించమని అడగడానికి తప్పు లేదు, క్షమించడానికి మనిషి లేడు. నేను మొదట చెప్పిన మూడు రకాల్లో ఇది దేనిలోనూ సరిగ్గా ఇమడదు. మేరీ మతం పాపాలకు క్షమాపణ చెప్పగలదు గానీ, పాపమే కాని దానికి ఏం చెప్తుంది?

బాప్తిస్మం: అబద్ధమా?

భర్త పోయాక మేరీ మతంలోకి ఇంకా లోతుగా వెళ్తుంది. పిల్లలు రక్షణ పొందాలి, బాప్తిస్మం తీసుకోవాలి అని పట్టుబడుతుంది. అమ్మమ్మకు ఈ ఒత్తిడి నచ్చదు. షెల్డన్ ఒప్పుకుంటాడు, నీళ్లలో మునిగి లేస్తాడు. నమ్మకం వచ్చి కాదు, అమ్మ కోసం.

దీన్ని తప్పుపట్టేవాళ్లు రెండు వైపులా ఉంటారు. పిల్లాడి మీద దుఃఖాన్ని వాడుకుని మతం రుద్దారు, వాడు తన నిజాయితీని వదులుకోవాల్సి వచ్చింది అని నాస్తికులు అనవచ్చు. నాకు ఇంకా బరువుగా అనిపించే అభ్యంతరం మాత్రం బాప్టిస్టు సిద్ధాంతంలోంచే వస్తుంది. సొంత విశ్వాసం ఉంటేనే బాప్తిస్మం అన్నది వాళ్ల మూల సూత్రం. ఆ లెక్కన షెల్డన్ తీసుకున్నది నీళ్లలో మునకే తప్ప బాప్తిస్మం కాదు. ఇది మేరీకి తెలియదా? తెలిసే ఉంటుంది. ఆమె అప్పుడు సిద్ధాంతం చూసే స్థితిలో లేదు. భర్తను కాపాడుకోలేకపోయిన మనిషి, పిల్లల్నైనా ఒక చోట భద్రంగా ఉంచాలని చూస్తోంది. ఆమె ‘నా వల్లే’ అది.

అవతలి వైపు వాదన ఇలా ఉంటుంది. వాడు ఏదీ నమ్మినట్టు నటించలేదు. రెండో సీజన్‌లో ఫైన్ ట్యూనింగ్ చెప్పినప్పుడు ఏం చేశాడో ఇప్పుడూ అదే చేశాడు. తన అభిప్రాయాన్ని పక్కనపెట్టి తల్లికి కావలసింది ఇచ్చాడు. పైగా నాన్నకు ఒక మాట ఇవ్వలేకపోయిన పిల్లాడికి, అమ్మ అడిగింది ఇచ్చే అవకాశం వచ్చింది. ఈసారి తల తిప్పుకోలేదు. నాకు ఈ వాదనే దగ్గరగా ఉంది. అయితే ఒక పిల్లాడు తల్లి దుఃఖాన్ని మోయాల్సి రావడం మంచిదని మాత్రం చెప్పలేను.

ఇద్దరు జార్జ్‌లు

చివరి చిక్కు ఇది. పాత సీరియల్‌లో షెల్డన్ చెప్పే తండ్రి తాగుబోతు, భార్యను మోసం చేసినవాడు. ‘యంగ్ షెల్డన్’లో తండ్రి అలసిపోయిన, ఓపికున్న, పిల్లల్ని ప్రేమించే మనిషి. రచయితలు తమకు కావలసినట్టు మార్చేశారు అన్నది ఒక అభిప్రాయం, అందులో కాదనడానికి ఏమీ లేదు. ఏడు సీజన్లు ఇంటి మధ్యలో ఉండాల్సిన పాత్రను చెడ్డవాడిగా ఉంచడం కష్టం.

దీన్ని ఇంకోలా కూడా అర్థం చేసుకోవచ్చు, సీరియల్ చివరి ఎపిసోడ్ దానికే తావిచ్చింది. అందులో పెద్ద షెల్డన్ తెర మీద కనిపిస్తాడు. తన చిన్ననాటి జ్ఞాపకాలు రాస్తుంటాడు. ఇప్పుడు తనూ తండ్రే. కొడుకు హాకీ మ్యాచ్‌కి రమ్మని భార్య ఎమీ (Amy) అడిగితే మొదట తప్పించుకోవాలని చూస్తాడు. తండ్రి అయ్యాక తన తండ్రి వేరేగా కనిపించడం మొదలైంది. అంటే పాత సీరియల్‌లో మాట్లాడింది కోపం ఇంకా చల్లారని కొడుకు, ఇక్కడ మాట్లాడుతున్నది గిల్ట్ ఉన్న కొడుకు. రెండింటిలో ఏ జ్ఞాపకం నిజం అంటే, రెండూ పూర్తి నిజాలు కాకపోవచ్చు. గిల్ట్ కూడా తండ్రిని ఉన్నదానికన్నా మంచివాణ్ని చేసి చూపిస్తుంది కదా.

అయితే ఒక్క విషయంలో సీరియల్ జ్ఞాపకానికి వదిలేయకుండా తీర్పు ఇచ్చింది. పాత సీరియల్‌లో షెల్డన్ ఒక సంగతి చెప్తాడు. పదమూడేళ్లప్పుడు సెలవులకు ఇంటికొచ్చి, అమ్మ బైబిలు స్టడీకి వెళ్లిందనుకుని, లోపల అలికిడి విని తలుపు తీశాడు. నాన్న వేరే స్త్రీతో ఉన్నాడు. అప్పట్నుంచి ఏ తలుపైనా మూడుసార్లు తట్టందే తీయడు. మొదటిది మర్యాదకు, మిగతా రెండూ లోపలివాళ్లు బట్టలు సర్దుకోవడానికి. ప్రేక్షకులు పన్నెండు సీజన్లు నవ్వుకున్న ఆ తట్టడం వెనక ఉన్నది ఈ బరువు. అమ్మకు చెప్పలేక, నాన్నను అడగలేక ఏళ్ల తరబడి లోపలే దాచుకున్నాడు.

‘యంగ్ షెల్డన్’ ఏడో సీజన్‌లో అదే తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. షెల్డన్‌కు కనిపించింది వెనక నుంచి బంగారు రంగు జడల స్త్రీ. పియాజే కథలోని పిల్లాడిలా వీడికీ తలుపు వెనక ఏముందో తెలీదు. వాడు భయపడి వెళ్లిపోయాక కెమెరా అక్కడే ఉంటుంది. విగ్గు పెట్టుకుని ఉన్నది మేరీయే. భార్యాభర్తలు సరదాగా ఉన్నారంతే.

కథంతా షెల్డన్ జ్ఞాపకమే అయితే, వాడు చూడని ఈ ముఖం మనకు ఎలా కనిపించింది? కచ్చితమైన లెక్కల ప్రకారం ఇది పొసగదు. కథ చెప్పేవాడికన్నా కథకు ఎక్కువ తెలిసిన చోటు ఇది. జార్జ్ తప్పు చేయలేదని మనకు తెలుసు, మేరీకి తెలుసు, జార్జ్‌కు తెలుసు. తలుపులు తడుతూ తిరిగిన కొడుక్కి మాత్రం ఆ మాట ఎవరూ చెప్పలేదు.